రెండో లేన్ ఖాళీ

ఏలూరు ఆఫీసులో ఆ సాయంత్రం పెద్ద ఇంజినీరు, ఆయన దగ్గర పనిచేసే కుర్ర ఇంజినీరమ్మాయి, ఇద్దరే మిగిలారు. ట్రాన్స్‌ఫార్మరు మోసే ట్రైలరు కొల్లేరు వంతెన దాటాలంటే ఆయన సంతకం కావాలి.

“జులై తొమ్మిదిన వంతెన కొలవడానికెళ్ళి, గట్టు మీద మీ కేరేజీలోని కొరమేను పులుసుతో అన్నం తిన్నాం, గుర్తుందాండీ?”

“చేపల లారీ మన విస్తళ్ళలోకి ఐసునీళ్ళు చిమ్మిపోయింది. ఎందుకుండదమ్మా! లెక్క తేలిందా?”

“తేలిందండీ. కంప్యూటర్లో ట్రైలర్ని ఒక లేన్లో పెట్టాను. వంతెన తట్టుకుంది.”

“రెండో లేన్లో?”

“ఖాళీ అండీ. పర్మిట్ మీద వెళ్ళే భారీ బండి వంతెన మీద ఒంటరిగానే వెళ్ళాలని రూలు కదా.”

“ఐసు కరిగిపోతుంటే లారీవాడు ఆగుతాడా? ఒక లారీ పెట్టి చూడు.”

ఆమె లారీ పెట్టగానే తెర మీద వంతెన దూలం ఎర్రబడింది.

“తట్టుకోదండీ. పొద్దున్నే బండి బయల్దేరుతుందని పైనుంచి ఒకటే ఫోన్లు. మీరు కాదంటే ఇంకొకరితో సంతకం పెట్టిస్తారటండీ.”

“అలా సంతకం పెట్టేవాళ్ళు లారీల్ని ఆపనే ఆపరు. నేనే పెడతాను. వంతెన దగ్గర నిలబడి లారీలు ఆపేది కూడా నేనేనని రాస్తాను. మా ఆవిడ పోయాక ఇంట్లో నాకోసం కాచుక్కూచునేవాళ్ళు లేరుగా.”

“వంతెనకి రెండు చివరలండీ.”

ఆ మాట ఆయనకు తోచనే లేదు. కలం కాగితం మీదే ఆగిపోయింది.

“అవతలి చివర నేనుంటాను. ఈసారి కేరేజీ కూడా నేనే తెస్తానండీ.”

ఆయన సంతకం చేసి, ఆమె బయటికి వచ్చేదాకా తలుపు పట్టుకుని నిలబడి, చప్పుడు కాకుండా మూశాడు.