ఎర్ర లైటు దగ్గర లింకన్

మాదాపూర్‌లోని ఆ అద్దాల ఆఫీసులో, లిఫ్టుల ముందున్న గేటుకు మేనేజరు మూడోసారి కార్డు ఆనించాడు. మూడోసారీ ఎర్ర లైటే వెలిగింది. ఆ లైటు సంగతి గార్డుకు బాగా తెలుసు.

"మీ మెషిన్ పాడైనట్టుందండీ. పైన నా సెషన్ ఉంది, గేటు తియ్యండి."

"మెషిన్ మంచిగనే ఉన్నది సార్. నౌకరీకెల్లి తీసేసినోళ్ల లిస్టుల మీ పేరున్నది."

"నా పేరా? ఆ లిస్టు తయారుచేసిందే నేను!"

"మీరు చేసింది పోయిన వారంది. గిది ఇయ్యాలది."

"రెండొందల మంది నా కోసం కూర్చున్నారయ్యా!"

"ఏం చెప్తరు సార్ వాళ్లకు?"

"ఓడిపోయినా ఎలా గెలవాలో. లింకన్, ఎడిసన్..."

"లింకన్ ముచ్చట నాకెరుకే. పోయిన వారం మీ లిస్టుల ఉన్న రసజ్ఞ మేడమ్ కార్డు గిట్లనే ఎర్రగైన రోజు, ఏడుస్తున్న ఆమెను గీడనే నిలవెట్టి చెప్పిన్రు గద. ఎన్ని ఎలక్షన్లు ఓడిండు, ఆఖరికి ప్రెసిడెంటు ఎట్లయిండు అని. నవ్వుకుంట చెప్పిన్రు."

"ధైర్యం చెప్పానండీ."

"ఆమె ధైర్యం అడగలే సార్. పైన టిఫిన్ డబ్బా ఉన్నది, తెచ్చుకుంట అన్నది. రూల్ ఒప్పుకోదన్నరు మీరు."

మేనేజరు మెడలోని ట్యాగు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నా బ్యాగు పైనే ఉండిపోయింది. ఒక్క నిమిషంలో వచ్చేస్తాను."

గార్డు ప్లాస్టిక్ కుర్చీని కాలితో ముందుకు నెట్టాడు.

"కూసోండ్రి సార్. బ్యాగు కిందికి వచ్చేసరికి జర టైం పడ్తది. గప్పటిదాంక లింకన్ ముచ్చట చెప్పమంటరా?"