తలుపుకు లోపలి గడియ

మిర్యాలగూడ నుంచి కోదాడ పోయే బస్సులో జనం పలచబడ్డాక, కండక్టరమ్మ వచ్చి తన వాడకట్టు అమ్మాయి పక్కన కూలబడింది. ఆ అమ్మాయి విమానంలో ఎయిర్ హోస్టెస్. ఇద్దరి కళ్లూ నిద్రలేక మండుతున్నాయి. కండక్టరమ్మకు ఈ రాత్రి మళ్లీ నైటౌట్. సాయంత్రం డిపో నుంచి ఆఖరి బస్సెక్కి, అది ఆగిన పల్లెలోనే పడుకోవాలి.

"మీరు గూడ విమానం ఆగిన ఊర్లనే పంటరంట గద చెల్లె. ఏ ఊరంటే ఎగబడి పోతరు? సముద్రం ఉన్నదా?"

"సముద్రం ఎవలు సూస్తరక్కా! కాళ్లు వాచిపోయి ఉంటయి. ఇంత బువ్వ దొరకాలె, పరదాలు మందంగుండాలె, తలుపుకు లోపల గడియ పడాలె. గసొంటి ఊరైతే సాలు."

"అంత పెద్ద హోటళ్లల్ల గూడ గడియ ముచ్చటేనా?"

"ఒక హోటల్ల పడకపోయేది. కుర్చీ అడ్డం పెట్టుకొని కూసునేటోళ్లం."

కండక్టరమ్మ నవ్వబోయి ఆగింది.

"నేను బెంచీ పెడ్త. ఊరోళ్లిచ్చిన గదికి గడియే లేదు. డిపోల చెప్తే, నీకొక్కదానికేనా పరేషాన్ అన్నరు."

"మమ్మల్నీ గట్లనే అన్నరు. ఇగ అందరం ఒక్కటై, గా హోటల్‌కు పోయేదే లేదని కూసున్నం."

"నౌకరి పోతదని భయం కాలేదా?"

"ఎందుకు కాలే? అయినా లేవలే. హోటల్ మార్చిన్రు."

కండక్టరమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది.

"మా డిపోల ఆడోళ్లం ముగ్గురమే."

"సాలక్కా."

కండక్టరమ్మ ఫోన్ తీసి, ఆ ముగ్గురిలో ఒకామెకు కలిపింది.

"ఉషా, ఇయ్యాల నేను నైటౌట్ పోతలేను. నా బదులు నిన్ను పొమ్మంటరు. నువ్వు గూడ పోననే చెప్పు."