రూతు చేరిందాకా చిమ్మొద్దు

"అమ్మా, అక్క విమానంలో ఢిల్లీ పోయినప్పుడు ఎంతసేపు పట్టిందంట?"

అయిదు గంటలంట పాపా, మద్రాసు నించి. వెయ్యి మైళ్ళ పైనే. రైలైతే రెండు రాత్రులు. నువ్వప్పుడు పసిదానివి, నీకు తెలీదులే.

మీ అక్క రూతు మద్రాసు ఆసుపత్రిలో నర్సుగా చేరి ఏడాది కాలా. ఎవరో పెద్దింటామెకి జబ్బు ముదిరితే ఢిల్లీకి తీసకపోతా, పక్కన నర్సుండాలని దీన్ని ఎక్కించినారు. "మంగళవారం పొద్దున విమానం, చేరంగానే తంతి కొడతా" అని జాబు రాసింది. ఆ జాబు మనకొచ్చిందే మంగళవారం. మీ నాయన చదవతా ఉంటే నేను ఇల్లు చిమ్మతా ఉన్నా. మా అత్త, అదే మీ జేజి, వచ్చి చీపురు లాక్కుంది.

"ఏం మే, పిల్ల గాల్లో ఉంటే ఇల్లు చిమ్మతావా?"

ఊరికి పోయినోళ్ళు చేరిందాకా చిమ్మకూడదు గదా, అదీ. నెల్లూరికైతే సాయంత్రందాకా ఆగుతాం. మరి విమానానికి ఎంతసేపు ఆగాల?

"అయిదు గంటలేనమ్మా. మధ్యాన్నం చిమ్ముకోండి" అన్నాడు మీ నాయన.

"నువ్వేమన్నా తోలినావా?" అనింది మీ జేజి.

మధ్యాన్నమైంది. నా చెయ్యి చీపురు మీదికి పోలా. తంతి రాలా. బుధవారమూ రాలా. కోతల కాలం, ఇల్లంతా వడ్ల దుమ్ము, పైన సముద్రపు గాలికి ఇసక. కోళ్ళు ఇంట్లోనే గీరుకుంటా తిరిగినాయి. అన్నం తిన్నానో లేదో కూడా... ఏమో.

గురువారం ఇంటి ప్రార్థన మన వంతు. చర్చి అయ్యగారు గడపలోనే ఆగిపోయినాడు.

"ఇదేందమ్మా మరియమ్మా, ఇల్లిట్లుంది?"

చెప్పినా.

"విశ్వాసులం, మనకీ పట్టింపులేంది? రూతు ఎప్పుడో చేరుంటుంది."

మీ జేజి ఊరుకుంటుందా? "చేరినానని తమరికి చెప్పిందా అయ్యగారూ?"

ఆయనకి నవ్వొచ్చింది. నా మొగం చూసి ఆపుకున్నాడు. తెల్ల పంచెతో ఆ దుమ్ములోనే కూర్చున్నాడు, చాప కూడా వెయ్యనియ్యలా.

పాట సగంలో ఉండంగా వాకిట్లో సైకిలు బెల్లు. తంతి. ఆ రోజుల్లో తంతంటే చావు కబురే గదా, ఇప్పకముందే ఆడోళ్ళు ఏడుపెత్తుకున్నారు. మీ నాయన సంతకం పెట్టి, చదవమని అయ్యగారి చేతికిచ్చినాడు. కాగితం ఇప్పినాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"క్షేమంగా చేరాను. రూతు."

చేరింది మంగళవారమేనంట. తంతే దారిలో ఎక్కడో ఆలస్యమైంది.

అయిదు గంటలంటే ఎంతో నేను చెప్పలేను పాపా. ఆయన గొంతు సవరించుకున్నంతసేపు ఎంతో చెప్పగలను.

నెల తరవాత మీ అక్క వచ్చి, "కళ్ళు మూసుకున్నానమ్మా, తెరిస్తే ఢిల్లీ" అని నవ్వతా చెప్పింది. నాకు నవ్వు రాలా.

సరేలే. నువ్వూ రేపో మాపో యాడికో పోయేదానివే. దేవుడు నిన్ను చల్లగా చేర్చాల తల్లీ. చేరంగానే ముందు ఒక మాట... ఆ, చేరినానని. అందాకా నేను చిమ్మను.