ఆవాల దిండు

చిల్లకల్లు అడ్డరోడ్డులో హైదరాబాదు బస్సు దిగిన కల్యాణ్‌ని తండ్రి భవానీప్రసాద్ కారెక్కించుకున్నాడు. కారు జగ్గయ్యపేటలోని ఇంటికి కాకుండా, కోడలి పుట్టిల్లున్న నందిగామ వైపు తిరిగింది.

"అది కాదు నాన్నా, నేనడిగేది ఒకటే. డాక్టరు అంత వివరంగా చెప్పాక కూడా అమ్మ పాప తల కింద ఆ దిండెందుకు పెట్టింది?"

"బెల్టు పెట్టుకో."

"పెట్టుకున్నా. చెప్పు."

"చెప్పడానికేముందిరా? మీ అమ్మ ముద్దాయి. మీ ఆవిడ పోలీసు. నువ్వు హైదరాబాదు నుంచి దిగిన జడ్జీగారివి. నేను డ్రైవర్ని. డ్రైవర్లని ఎవరూ సాక్ష్యం అడగరు, ఎటు పోవాలో చెప్తారంతే."

"వెటకారం తర్వాత చేద్దువుగాని. సోమవారం ఉష బ్యాంకులో మళ్ళీ చేరాలి. పాపని అమ్మ దగ్గర వదిలే ప్రసక్తే లేదంటోంది. పుట్టింట్లోనే ఉండి, నందిగామ బ్రాంచికి మార్పించుకుంటా అంటోంది. అదే జరిగితే అక్షయ మనింటికి చుట్టపుచూపుగా వచ్చి పోవడమే. తెలుసా నీకు?"

"నాకు తెలియకేం. మీ అమ్మకి ఇంకా బాగా తెలుసు. మొన్నట్నించి కంచం ముందు కూర్చోవడం, లేవడం. అన్నం మాత్రం అలాగే ఉంటోంది."

"మరి ఇవన్నీ ముందే ఆలోచించాలి కదా."

"ఆలోచించాలి, ఆలోచించాలి. నీలాగా."

"అసలేం జరిగిందో చెప్పు. ఉష ఫోన్లో ఏడుస్తూ చెప్పింది, సగం అర్థం కాలేదు."

"సరే, విను. మధ్యలో అడ్డం రాకు. పోయిన నెల నందిగామలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళామా, నీహారిక గారని. ఉష, పిల్ల, మీ అమ్మ, సంచులు మోయడానికి నేను. ఆవిడ ఒక్కోటీ చెప్తుంటే మీ అమ్మ మొహం చూడాలి నువ్వు. పత్తి మీద వాన పడ్డప్పుడు నా మొహం అలాగే ఉంటుంది. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఇంకేదీ వద్దన్నారు. ఎండలు కదమ్మా, చెంచాడు మంచినీళ్ళైనా పడదామంది మీ అమ్మ. పాలల్లోనే కావలసినన్ని నీళ్ళున్నాయన్నారు. పోనీ చుక్క తేనె అంది. ఏడాది దాటేదాకా తేనె మాటెత్తొద్దన్నారు. వసకొమ్మ అరగదీసి నాలిక్కి రాస్తే మాటలు తొందరగా వస్తాయండీ అంది. మీ ఇంట్లో మాటలకి కరువున్నట్టు లేదు కదమ్మా అన్నారావిడ. నాకు దగ్గొచ్చినట్టు బయటికొచ్చేశా."

"నవ్వించకు నాన్నా, కోపంగా ఉన్నా నేను."

"ఉండు, ఉండు. ఎవరి మీద ఉండాలో చివర్లో చూసుకుందాం."

"ఏంటీ?"

"లారీవాణ్ణి తిడుతున్నా. చూడు ఎలా దూరుతున్నాడో. ఎక్కడున్నాం? ఆఁ, పడక. పిల్లని ఎప్పుడు నిద్రపుచ్చినా వెల్లకిలానే పడుకోబెట్టాలన్నారు. పగలైనా, రాత్రైనా. పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి. దిండొద్దు, దుప్పటొద్దు, పక్కన బొమ్మలొద్దు. పెద్దవాళ్ళ గదిలోనే ఉండాలి గానీ పెద్దవాళ్ళ పక్కలో కాదు, పడక వేరే ఉండాలి. చీర ఉయ్యాల సంగతడిగింది మీ అమ్మ. అందులో పిల్ల ముడుచుకుపోతుందమ్మా, గడ్డం ఛాతీకి ఆనుకుంటే ఊపిరాడదు, వద్దన్నారు. బయటికొచ్చాక నాతో ఏమందో తెలుసా? 'జైల్లో ఖైదీకైనా దుప్పటిస్తారండీ' అంది."

"చూశావా? అదే నేననేది. అమ్మకి మొదట్నించీ లెక్కలేదు. డాక్టరంటే లెక్కలేదు, ఉషంటే లెక్కలేదు."

"అడ్డం రావద్దన్నానా. అంది. అని ఇంటికొచ్చి ఏం చేసిందో అది కూడా విను. కొక్కేనికి కట్టిన ఉయ్యాల విప్పేసింది. ఆ చీర తన పెళ్ళిచీర. నీకూ అందులోనే ఉయ్యాల కట్టింది. విప్పి, మడతపెట్టి, బీరువాలో పెట్టి, కాసేపు ఆ బీరువా ముందే నిలబడింది. తర్వాత పిల్ల పడకలో ఉన్నవన్నీ తీయించింది. మీ అత్తగారు పంపిన కుందేలు బొమ్మని షోకేసులో పెట్టింది, తాళం వేసి."

"తాళమెందుకు?"

"కుందేలు పారిపోతుందని. ఆ రోజు నుంచి ఇంటికెవరొచ్చినా పాఠమే. పక్కింటి ప్రసూనాంబగారు వేలికి పంచదార అద్ది పిల్ల నోట్లో పెట్టబోతే చెయ్యి పట్టేసుకుంది. 'డాక్టరమ్మ వద్దన్నారొదినా' అంది. ఎన్నేళ్ళ స్నేహంరా వాళ్ళది. ఇప్పుడు ఆవిడ మనింటి ముందు నుంచి పోతూ ఎదురింటి పిట్టగోడ వైపు చూస్తోంది. నాకూ ఏమీ తక్కువ కాలేదు. పిల్లని ఎత్తుకోబోతే చేతులు కడుక్కున్నారా అంటుంది. పొలం నుంచొచ్చి కడుక్కున్నా అంటే, సబ్బుతోనా అంటుంది."

"అంటే… అన్నీ పాటించిందంటావా?"

"పాటించడమా? ఇంట్లో కర్ఫ్యూ పెట్టింది. ఉగ్గుగిన్నె సంగతి చెప్పలేదు కదూ నీకు. ఉష అడిగిందక్కడ, నేను ఉద్యోగానికెళ్ళాక పాలు పిండి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్తే ఎలా పట్టాలండీ, సీసాతోనా అని. సీసాలొద్దు, శుభ్రంగా మరిగించిన గిన్నెతో పట్టమన్నారు. మీ అమ్మ అప్పటిదాకా పరీక్ష తప్పిన పిల్లలా కూర్చుందా, టక్కున సంచీలోంచి వెండి ఉగ్గుగిన్నె తీసి బల్ల మీద పెట్టింది. 'చాలా మంచిదండీ ఇది' అన్నారావిడ. ఇంక చూడు. జగ్గయ్యపేట మొత్తానికి ఉగ్గుగిన్నె కనిపెట్టింది మీ అమ్మే."

"ఇవన్నీ ఉష నాకు చెప్పనేలేదు."

"నువ్వడిగావా? అడిగి ఉంటే చెప్పేది. వాళ్ళిద్దరూ బాగానే ఉన్నార్రా. పాలు ఎలా వెచ్చబెట్టాలో అత్తకి కోడలు నేర్పడం, పిల్లని ఒళ్ళో ఎలా ఒరిగించి గిన్నెతో పట్టాలో కోడలికి అత్త నేర్పడం. నేను టీవీ సౌండు తగ్గించుకుని వినేవాణ్ణి. గొడవ లేకపోతే నాకూ తోచదు, కానీ గొడవ రాలేదు."

"మరి గురువారం ఎందుకొచ్చింది?"

"గౌరవరంలో టీ తాగుదామా?"

"వద్దు. నాన్నా, నువ్వు మాట మారుస్తున్నావు."

"మార్చడం లేదు, టీ తాగాలనిపించింది. సరేలే. గురువారం ఉష బ్యాంకుకెళ్ళింది, చేరేముందు మేనేజరుని కలవాలని. మధ్యాహ్నానికి వచ్చేసింది. చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని గదిలోకెళ్ళింది. పిల్ల నిద్రపోతోంది. తల కింద దిండు. ఆవాలు కడిగి ఎండబెట్టి, మెత్తటి పాత వాయిల్ గుడ్డలో పోసి కుట్టిన దిండు. తల గుండ్రంగా వస్తుందని పెడతారు చూడు, అది. మీ అమ్మ పక్కనే కూర్చుని ఉంది. చూపు తిప్పితే ఏమవుతుందోనని పిల్ల ముక్కు వైపే చూస్తోంది. అలా కనిపెట్టుకుని కూర్చుంటే ఏమీ కాదనుకుంది పిచ్చిది."

"ఏమీ కాదనుకోవడమేంటి నాన్నా? తల పక్కకి వాలి ముక్కు ఆ దిండుకి ఆనితే? మెడ ముందుకి వంగి ఊపిరాడకపోతే? అంత చిన్న పిల్ల నిద్రలో తల తిప్పుకోలేకపోవచ్చు. ఎంత ప్రమాదమో అంతా చదివా నేను."

"ఎప్పుడు చదివావు?"

"నిన్న. ఉష ఫోన్ చేశాక."

"ఓహో. నిన్న."

"ఎప్పుడు చదివితే ఏం? నిజమే కదా."

"నిజమేరా. నేను కాదన్నానా? ఉష కోపంలో తప్పేం లేదు. నా కళ్ళముందే పిల్లని ఎత్తుకుని గుండెకి హత్తుకుంది. 'ఈ దిండెక్కడిది అత్తయ్యా' అంది. నేనే కుట్టానంది మీ అమ్మ. 'డాక్టరు వద్దన్నారు కదా' అంది. అన్నారంది. 'మరెందుకు పెట్టారు?' అంది. మీ అమ్మ ఏమన్నదో తెలుసా? 'బుద్ధిలేక' అంది."

"అంతేనా?"

"అంతే. నీకు తెలియదా, చారులో ఉప్పెక్కువైందంటే గంట వాదిస్తుంది ఆ మనిషి. ఉప్పుది తప్పంటుంది, చింతపండుది తప్పంటుంది, చివరికి నా నాలికది తప్పని తేలుస్తుంది. అలాంటిది ఒక్క మాటతో ఊరుకుంది. ఉష కూడా బిత్తరపోయింది. 'ఒక్క పూట వదిలితేనే ఇలా చేశారు, రోజంతా ఎలా వదలను మావయ్యా' అని నన్నడిగింది. కారు తీశా. నందిగామలో దింపొచ్చా."

"అమ్మ ఆపలేదా?"

"గేటు దాకా వచ్చింది. ఉగ్గుగిన్నె మరిగించి, గుడ్డలో చుట్టి ఉష చేతికిచ్చింది. లోపలికెళ్ళి ఆ దిండు విప్పి, ఆవాలు పోపుల డబ్బాలో పోసింది. మొన్నట్నించి అవే తింటున్నా నేను."

"తల సంగతి డాక్టర్ని అడిగితే సరిపోయేది కదా. ఇంత దూరం వచ్చేది కాదు."

"అడిగిందిరా. వెల్లకిలా పడుకునే పిల్లలకి తల వెనక కాస్త చదునవడం మామూలేనమ్మా అన్నారు. మెలకువగా ఉన్నప్పుడు, మీరు దగ్గరుండి, కాసేపు బోర్లా పడుకోబెట్టి ఆడించండి, అదే సర్దుకుంటుందన్నారు. అది కూడా చేసింది. చాప మీద పిల్లని బోర్లా వేసి, ఎదురుగా తనూ బోర్లా పడుకుని, తల ఎత్తి పాటలు. పిల్ల తల ఎత్తడం నేర్చుకుంది. మీ అమ్మ లేవడం మర్చిపోయింది. నేను చెయ్యిస్తే గానీ లేవలేకపోయేది."

"అయితే నాకసలు అర్థం కావట్లేదు. డాక్టరు చెప్పింది తెలుసు. అన్నీ చేస్తోంది. పక్కింటావిడతో కూడా పోట్లాడింది. అలాంటి మనిషి, ఉష బయటికెళ్ళిన పూట చూసి దిండు పెట్టడమేంటి? దొంగతనంగా?"

"అనాసాగరం వచ్చేశాం. అయిదు నిమిషాల్లో మీ అత్తగారిల్లు."

"నాన్నా."

"చొక్కా సరిచేసుకో. అల్లుడివి."

"నేనేం చెయ్యాలో ఆలోచించుకునే వచ్చాలే. ఉషకి మాటిస్తా. అమ్మ ఇకమీదట పాపని ముట్టుకోదు. ఆయాని పెడదాం. గదిలో కెమెరా పెడదాం, ఉష బ్యాంకు నుంచి, నేను హైదరాబాదు నుంచి చూసుకోవచ్చు."

"కెమెరా ఎవరి మీద? ఆయా మీదా, మీ అమ్మ మీదా?"

"ఇద్దరి మీదా. ఏం చెయ్యమంటావు మరి? నాకూ బాధగానే ఉంది. కానీ అమ్మతో వచ్చిన చిక్కే అది. చెప్పిన మాట వినదు. అంతా తనకే తెలుసనుకుంటుంది."

"ఇదిగో వీధి. ఆ వేపచెట్టు నీడలో ఆపుతా. దిగు."

"నువ్వు రావా లోపలికి?"

"నేను రాను. నోరు జారతానని మీ అమ్మకి భయం. నా చెయ్యి తన తల మీద పెట్టించుకుని మరీ ఒట్టేయించుకుంది."

"దేని గురించి?"

"దిగరా. ఎండెక్కుతోంది."

"ఒక పని చేద్దాం. ఇప్పుడే అమ్మకి ఫోన్ చేస్తా. స్పీకర్లో పెట్టి ఉషకి సారీ చెప్పిస్తా. వాళ్ళమ్మానాన్నా కూడా వింటారు, వాళ్ళకీ నమ్మకం కుదురుతుంది."

"ఫోను లోపల పెట్టు."

"మంచి కోసమే కదా నాన్నా."

"లోపల పెట్టమన్నానా. తలుపెయ్యి. ఒట్టు లేదు, గట్టు లేదు, ఆ పాపమేదో నాకే తగలనీ. పోయిన ఆదివారం పొద్దున వీడియో కాల్ చేశావు. ఉష స్నానానికెళ్ళింది. పిల్ల మీ అమ్మ ఒళ్ళో ఉంది, ఫోను నేను పట్టుకున్నా. పిల్ల అటు తిరిగితే తల చూసి నువ్వేమన్నావు?"

"ఏమన్నా? గుర్తులేదు."

"గుర్తుండదు. అన్నవాళ్ళకి ఎందుకుంటుంది. 'ఏంటమ్మా వెనకంతా చపాతీ పీటలా ఉంది, మా ఆఫీసులో వాళ్ళ పాపకి ఎంత గుండ్రంగా ఉందో' అన్నావు. 'నాకు పెట్టావు కదా ఆవాల దిండు, దీనికీ పెట్టు' అన్నావు. డాక్టరమ్మ వద్దన్నార్రా అని మీ అమ్మ రెండుసార్లు చెప్పింది. 'వాళ్ళలాగే అంటారు, నేను పెరగలేదా' అన్నావు."

"నాన్నా… నేనేదో సరదాకి…"

"సరదాకే. కొడుకు అడిగాడని మీ అమ్మ ఆ సాయంత్రమే ఆవాలు ఎండబోసింది. వద్దని నేనైనా అనాల్సింది, ఫోను పట్టుకుని మెదలకుండా కూర్చున్నా. ఇంకో మాట కూడా అన్నావు చివర్లో. 'ఉషకి మాత్రం చెప్పకమ్మా, గొడవ చేస్తుంది' అని పెట్టేశావు. చెప్పిన మాట వినదంటున్నావే మీ అమ్మ, ఇదిగో, ఇప్పటిదాకా చెప్పలేదురా."