లిఫ్టులో అన్న మాట

హలో… ఆ, నేనే. ఉదయని.

…

నాలుగో అంతస్తు ఉదయలక్ష్మిని. నీ ఫోనులో నా పేరు పడలేదా ఏంటి?

…

మేడమా? తొమ్మిదేళ్ళుగా నీకు ఉదయక్కని. ఇవాళ మేడమ్‌ని ఎప్పుడయ్యాను? … సరే, పిలువు. నేనూ నిన్ను రాజమణి గారూ అంటాను. ఇద్దరం బ్యాంకు కౌంటరుకి అటూ ఇటూ నిలబడ్డట్టు ఉంటుంది.

…

'మస్తు పనున్నది, జర జల్దీ చెప్పు' — తెలుసులే. మిషన్ చప్పుడు ఇక్కడికి వినపడుతోంది. రేపు పిల్లల కాలేజీలో ఫేర్‌వెల్. ఇంటరు ఆడపిల్లలంతా మొదటిసారి చీరలు కడతారు. మధురానగర్‌లో సగం జాకెట్లు నీ బల్ల మీదే ఉంటాయి. … షాపులో మనుషులున్నారా? ఉంటే ఉండనీ. నేను మాట్లాడేది నీతో కదా.

…

కాదు, జాకెట్టు కోసం కాదు. మా ధాత్రి జాకెట్టు నువ్వు ఎప్పుడిచ్చినా… అయిపోయిందా? మొన్ననేనా? … చూడు. మా పిల్ల చేసిన పనికి నేనైతే రెండు చేతులూ ఒకే వైపు కుట్టి పంపేదాన్ని.

మీ బిందు గురించి చేశాను. రేపు వెళ్ళనంటోందట.

…

ధాత్రే చెప్పింది. పొద్దున అన్నం తింటూ. నాకు కాదు, పప్పుగిన్నెకి చెప్పినట్టు చెప్పింది.

…

'దాని ఇష్టం' అనకు రాజమణీ. రెండేళ్ళు మైత్రీవనం ట్రాఫిక్ దాటుకుంటూ వెళ్ళి చదివింది. సిరిసిల్ల నుంచి మీ అన్నతో చీర తెప్పించావు. ముదురాకుపచ్చ. ఆ చీర చూసి నేనే ఇంకోసారి ఇంటరు చదువుదామనుకున్నాను. … మడిచి బీరువాలో పెట్టేసిందా.

…

ఏం జరిగిందో నీకు చెప్పిందా? … మొత్తం చెప్పిందా. … ఆ, నాకు నిన్ననే తెలిసింది. అడిగితే చెప్పింది. ఆ మంజూష లేదూ, మా ధాత్రి సెక్షన్‌లో అందరూ వెంట తిరిగే పిల్ల. మెట్రో ఎక్కదట కానీ, అమీర్‌పేట స్టేషన్‌లో ఎస్కలేటర్ మీద వీడియో తీయించుకోవడానికి వస్తుందట, ఆ పిల్ల. క్యాంటీన్‌లో దాని పక్కన కూర్చుంది మా ధాత్రి. బిందు టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చింది. 'ఎవరే ఈ అమ్మాయి' అంది మంజూష. 'మా టైలర్ వాళ్ళ అమ్మాయి' అంది నా కూతురు.

…

అవును. డబ్బా మూత కూడా తీయకుండా వెనక్కి వెళ్ళిపోయిందట బిందు. మూడో క్లాసు నుంచి ఒకే డబ్బాలో తిన్న పిల్లలు.

…

నా బాధేంటంటే, తెలియక చేసింది కాదు ఇది. ప్రతి శనివారం నా సోఫాలో కూర్చోబెట్టి ఎన్ని సినిమాలు చూపించాం మనం? ఆ అమెరికా స్కూలు పిల్లల సినిమాలన్నీ. అన్నిటికీ ఒకటే కథ. కొత్త పిల్ల ట్రే పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడుతుంది. ఒక కళ్ళజోడు పిల్ల జరిగి చోటిస్తుంది. తర్వాత జుట్టు బాగున్న పిల్లలు పిలుస్తారు. ఇది వెళ్ళిపోతుంది. ముప్పావు సినిమా అయ్యాక మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంది.

…

అవునవును, నీకు వాళ్ళ ఇంగ్లీషుతో పనిలేదు, నువ్వు బట్టలే చూసేదానివి. 'గా గౌను డాన్సు దాకా ఆగదు, చంక కింద పిగులుతది' అన్నావు. పిగిలింది. కథ మలుపు ముందే చెప్పేసినందుకు పిల్లలిద్దరూ నిన్ను తిట్టారు.

మా ధాత్రి అన్నీ చూసింది. కళ్ళజోడు పిల్ల కోసం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సోమవారం కాలేజీకి వెళ్ళి తనే ఆ పని చేసింది.

…

ఐదు శనివారాలైంది. ధాత్రి పంజగుట్టలో ఏదో మాల్‌కి పోతుంది, వాళ్ళతో. నువ్వు రావు, బిందు రాదు. నేనొక్కదాన్నే ఎంతసేపని చూడను? మా ఆయన్ని కూర్చోబెట్టాను. రఘురామ్ గారు పది నిమిషాలు చూసి, 'ఈ పిల్లలకి పరీక్షలుండవా' అన్నారు. తర్వాత గురక.

…

నవ్వకు. లేదా నవ్వు, పర్లేదు. బిందుని పంపు. రేపు నా కూతురు చీర కట్టుకుని ఫోటోలు దిగి, బిందు ఇంట్లో కూర్చుంటే, ఇక ఆ పిల్లలు జన్మలో మాట్లాడుకోరు. పరీక్షలయ్యాక ఒకళ్ళొక చోట, ఒకళ్ళొక చోట. కలపడానికి శనివారం కూడా ఉండదు.

…

అదే నాకూ అర్థం కావట్లేదు. ఆ బుద్ధి ఎక్కడినుంచి వచ్చిందో. సినిమాల్లో అలా అన్నవాళ్ళు చివర్న బురదలోనో, కేకులోనో పడతారు, అది చూసి నేర్చుకోదు కదా. మా ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. …

…

ఏంటి?

… రాజమణీ? మిషన్ ఆపేశావేం?

…

లిఫ్టులోనా? ఏ లిఫ్టు?

… మా లిఫ్టు.

…

… నువ్వు సర్వపిండి డబ్బా పట్టుకుని ఎక్కావు. అవును. శనివారమే. సినిమాకే వస్తున్నావు. నేనూ ధాత్రీ కింద నుంచి పెరుగు ప్యాకెట్లు తెస్తున్నాం. … హైమవతి గారు ఉన్నారు.

…

'ఎవరండీ ఈవిడ' అని అడిగారు. …

… ఆ. అన్నాను.

'మా టైలరండీ' అన్నాను.

…

లేదు, మర్చిపోలేదు. మర్చిపోయినట్టు ఉండడం బాగా అలవాటు చేసుకున్నాను, అంతే. నువ్వు డబ్బా నా చేతికిచ్చి, 'మళ్ల వస్త' అని అదే లిఫ్టులో కిందికి దిగిపోయావు. ఆవిడ, 'మీ టైలరు పిండివంటలు కూడా ఇంటికి తెచ్చిస్తుందా, నాకూ చెప్పండి' అన్నారు. నేను నవ్వాను. ధాత్రి నావైపు చూసింది.

…

'తప్పేమున్నది, నేను టైలర్నే కదా' అనకు. టైలర్‌వే. నిజమే చెప్పి తప్పు చేశాను. అబద్ధమాడి చేసే తప్పుల్లో నాకు అనుభవం ఉంది, ఇది కొత్త.

…

ఎందుకన్నానంటే… ఏం చెప్పను. మూడేళ్ళుగా ఆ ఐదో అంతస్తు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో నన్ను కలపలేదు. హైమవతి గారి భర్త అపార్ట్‌మెంట్ సంఘానికి ప్రెసిడెంటు. ఆవిడ చీరలకి పంజగుట్ట వెళ్తుంటే వెనక రెండు కార్లు వెళ్తాయి. గ్రూపులో పన్నెండుమంది. నేను పదమూడోదాన్నవుదామని చూస్తున్నాను. బి.ఏ. చదివాను రాజమణీ, లిటరేచర్. నలభై నాలుగేళ్ళొచ్చాయి. ట్రే పట్టుకుని నిలబడ్డాను.

…

కలిపారు. ఆ సాయంత్రమే కలిపారు.

… ఏముంటుంది? రోజూ పొద్దున ఐదున్నరకి ఒక గులాబీ పువ్వు బొమ్మ వస్తుంది. కింద శుభోదయం అని రాసుంటుంది. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెడతారు. నిన్ను వదులుకుని నేను సంపాదించింది అది.

…

ఆ, ఇంకా ఉంది. ఆవిడ నవ్వితే నవ్వాలి. ఆవిడకంటే ముందు నవ్వకూడదు. మొన్న వాళ్ళింట్లో భోజనాలకి పిలిచి పులిహోర పెట్టారు. పన్నెండుమందిమీ అమృతం అన్నాం. ఇంటికొచ్చి నేను సాయంత్రం దాకా మంచినీళ్ళు తాగుతూనే ఉన్నాను. ఆ ఉప్పుతో ఊరగాయ—

…

ఎవరు నవ్వింది?

… నువ్వు కాదు. నీ నవ్వు నాకు తెలుసు. బిందూనా?

… ఇంకొకళ్ళు కూడా. రెండు గొంతులు.

…

ధాత్రా? అది మంజూష వాళ్ళింటికి గోరింటాకు పెట్టించుకోవడానికి వెళ్ళింది కదా?

… నీ షాపులో ఉందా. ఎంతసేపట్నుంచి? … గంట నుంచా.

… బిందు ఏమంది? … మాట్లాడలేదు. … మాట్లాడకుండా కత్తెర ఇచ్చిందా. దారాలు కత్తిరించమని. … ఓహో. గంట నుంచి దారాలు కత్తిరిస్తోందా నా కూతురు. ఇంట్లో చెంచా తీయమంటే చేయి నొప్పి.

…

ఆగు. అది నవ్వితే నాకెలా వినపడింది? … మరి నా మాటలు దానికెలా…

…

స్పీకర్‌లోనా.

… మొదట్నుంచీనా.

…

నిజమే. రెండు చేతులూ బట్ట మీద ఉంటే ఫోను ఎక్కడ పట్టుకుంటావు. తొమ్మిదేళ్ళుగా అలాగే మాట్లాడుతున్నావు, నాకే తట్టలేదు. ఈ సీను కూడా ఉంటుంది ఆ సినిమాల్లో. మైకు ఆపడం మర్చిపోయి స్కూలంతా వింటుండగా మాట్లాడుతుంది. అది ఎప్పుడూ ఆ చెడ్డపిల్లకే జరుగుతుంది.

…

ఇంకెవరున్నారు షాపులో? చెప్పెయ్, ఒకేసారి వింటాను.

…

హైమవతి గారా.

…

నమస్కారమండీ హైమవతి గారూ. … బాగున్నానండీ. … ట్రయల్‌కొచ్చారా. మంచిదండీ. రాజమణి కొలత తీస్తే తిరుగుండదు.

… పులిహోరా. … ఆ, విన్నారన్నమాట. … ఓ, మీరోసారి, మీ కోడలోసారి వేశారా ఉప్పు. అదీ సంగతి. … మీరు కూడా తినలేకపోయారా? మరి మేమంతా అమృతం అంటుంటే… మాట్లాడలేకపోయారు. అర్థమైందండీ.

… గ్రూపు సంగతి మీ ఇష్టమండీ. తీసేసినా, ఐదున్నరకి మెలకువ మాత్రం వస్తూనే ఉంటుంది.

…

ఆగండి, వెళ్ళకండి. రాజమణీ, స్పీకరు తీయకు. అలాగే ఉంచు.

హైమవతి గారూ, ఆ రోజు లిఫ్టులో మీరు ఎవరండీ ఈవిడ అని అడిగారు. నేను సగమే చెప్పాను. రాజమణి నా స్నేహితురాలు. తొమ్మిదేళ్ళ నుంచి. నాకు డెంగీ వచ్చి సోమాజిగూడ ఆస్పత్రిలో ఉంటే, మూడు రోజులు షాపు మూసి నా మంచం పక్కన కూర్చుంది. మా ఆయనకంటే ఎక్కువసేపు కూర్చుంది. ఆయన్ని తప్పుపట్టడం లేదు, ఆయన పార్కింగ్ దొరక్క తిరుగుతున్నారు. నాకు ఆవిడ జాకెట్లు కూడా కుడుతుంది.

… చూశారా, ఎంతసేపు పట్టలేదు. లిఫ్టు రెండో అంతస్తు దాటేలోపే చెప్పేయొచ్చు.

…

ధాత్రీ. విన్నావు కదా. … ఆ, నా దగ్గరే నేర్చుకున్నావు, ఒప్పుకుంటున్నాను. కానీ నేను చేసింది నాది, నువ్వు చేసింది నీది. నాది చూపించి నీది మాఫీ చేయించుకోకు. … సరే, కత్తిరించుకో.

బిందూ… … నిన్ను ఏమీ అడగను తల్లీ. నీకు చెప్పాల్సింది మీ అమ్మకి చెప్పేశాను. రేపు వెళ్ళడం, వెళ్ళకపోవడం… నాకైతే వెళ్ళాలనే ఉంది. నువ్వు నా మాట వినక్కర్లేదు.

…

ఏమంది రాజమణీ? వినపడలేదు. … 'చూస్తా' అందా.

చూస్తా అంటే మా ధాత్రి భాషలో కుదరదని. బిందు భాషలో ఏంటో నువ్వే చెప్పాలి.

…

… వెనక ఇంట్లోకెళ్ళి చీర బయటికి తీసిందా. ఇప్పుడా? … ఇస్త్రీ చేయమంటోందా. ఎవర్ని? ధాత్రినా? దానికి ఇస్త్రీ రాదు, కాలుస్తుంది. … చెప్పిందా, 'నాకు రాదు' అని? … అబ్బో. ఆ మాట ఒప్పుకోవడం కూడా మొదటిసారే.

…

రాజమణీ.

… స్పీకరు తీసేశావా. ఇప్పుడా. అంతా అయ్యాక. … సరే.

మరి నువ్వు?

…

…

తెలుసు. ఒక్క ఫోనుతో పోయేది కాదు. కోపం ఉంచుకో, నేను తొందర పెట్టను. ఒక్కటే అడుగుతున్నాను, శనివారం—

… ఏంటి? ఇంకా ఎన్ని ఉన్నాయి? … పదకొండు జాకెట్లకి హుక్కులా. ఇవాళే ఇవ్వాలా.

… నాకు హుక్కులు కుట్టడం రాదని నీకు తెలుసు కదా.

… 'బి.ఏ. చదివినవు గద, నేర్చుకుంటవు.' … ఊఁ. లిటరేచర్‌లో హుక్కుల పాఠం లేదు మరి.

…

ఇప్పుడేనా? … హైమవతి గారు ఉన్నారా ఇంకా? … ఆవిడ కూడా కుడుతున్నారా? ఎవరు కూర్చోమన్నారు? … ఆవిడే కూర్చున్నారా. … ఎలా కుడుతున్నారు? … అంత బాగానా. పోన్లే, అయితే మెచ్చుకోవడానికి ఇబ్బంది ఉండదు.

… స్టూలు లేదా. కింద కూర్చుంటాను, నాకేం.

వస్తున్నా. పొయ్యి మీద పాలున్నాయి, ఆపి వస్తున్నా. … కళ్ళజోడు తెచ్చుకోవాలా? … తెస్తా. … ఆ, నువ్వు పనిలో ఉన్నావు, ఫోను నేనే పెట్టేస్తా.