నాలుగు ప్లగ్గులు

అమలాపురంలో కామరాజు హార్డ్‌వేర్ కొట్టు. మంగళవారం మధ్యాహ్నం. ముక్తేశ్వరం నుంచి సూరిబాబు వచ్చాడు.

"నువ్వమ్మిన ప్లగ్గులు గోడలోంచి ఊడి, పట్టుకున్న హేండిలు చేతికొచ్చేయబట్టే మా ఆవిడ పడి పోయింది. అది అయిపోయిన సంగతి. దానికోసం రాలేదు. గోడకి కన్నం వేసే మిషను కావాలి, చూపించు."

"ఆయ్... రండి బావగారూ. రెండేళ్ళయింది మీరీ గుమ్మం ఎక్కి. కూర్చోండి, టీ చెప్తాను."

"నన్ను బావ అనకు. వీరవేణిని అక్క అన్నావు కాబట్టి నేను బావనయ్యేను. ఆవిడ లేదు. ఆ వరసా లేదు."

"సరేనండి, సూరిబాబు గారూ. కూర్చోండి."

"కూర్చోను. ఆటో ఆగుంది."

"ఏ గోడకండీ?"

"గోడకి."

"అది కాదండి. ఇటికల గోడయితే ఒకటి, సిమెంటు దిమ్మలయితే ఒకటి, పిల్లరో బీమో అయితే..."

"సిమెంటు దిమ్మలు. పైన టైల్స్."

"టైల్సంటే... బాత్రూమాండీ?"

"మిషను చూపించమన్నాను."

"చూపిస్తున్నానండి. ఇదిగో, ఇది పెద్దది. శ్లాబుకైనా కన్నం వేస్తుంది. ఆరువేల ఎనిమిదొందలు."

"దోపిడీ."

"అందుకే ఇది మీకొద్దంటానండి. బరువు. టైల్ మీద పెట్టేరంటే టైల్ మిగలదు. దీన్ని చూడండి. ఆరొందల యాభై వాట్లు. రెండువేల రెండొందలు. ఏడాది గ్యారంటీ. ఇంట్లో వాడుకోడానికి, దిమ్మల గోడకి, ఇది చాలు."

"అదీ సంగతి. మళ్ళీ చౌక సరుకు అంటగడుతున్నావు."

"ఖరీదైంది చూపిస్తే దోపిడీ అన్నారు కదండీ."

"రెండూ నిజమే."

"పోనీ ఇంకో కొట్లో కూడా అడిగి చూడండి."

"అడిగేను. రెండు కొట్లు తిరిగే వచ్చేను. ఒకడు రంగు బాగుంది తీసుకోండన్నాడు. ఇంకొకడు బేటరీది పట్టుకెళ్ళమన్నాడు."

"ఆ ధరలో వచ్చే బేటరీది కాంక్రీటుకి పనికిరాదండి. రెండో కన్నానికే నీరసపడిపోతుంది."

"నాకూ అదే అనిపించింది. తెలీనివాడు ఏదైనా అంటగడతాడు. నువ్వు నన్ను రెండోసారి మోసం చెయ్యలేవు. భయముంటుంది."

"ఆయ్. ఉంటుందండి."

"ఈ మీటేంటి?"

"అదే అసలు సంగతండి. ఇటు తిప్పితే బిట్టు ఊరికే తిరుగుతుంది. ఈ సుత్తి బొమ్మ వైపు తిప్పితే తిరుగుతూ పొడుస్తుంది కూడా. టైల్ దాటేదాకా ఊరికే తిప్పాలి. దిమ్మ తగిలేక అప్పుడు సుత్తి. ముందే సుత్తి పెట్టేరంటే టైల్ పగిలి ఊరుకుంటుంది."

"నాకు చెప్తున్నావా? మస్కట్‌లో పదకొండేళ్ళున్నాను. ఇలాంటి మిషన్లు చూళ్ళేదనుకున్నావా?"

"మీరక్కడ వంట చేసేవారు కదండీ?"

"వంటింటి పక్కనే గోడలు కొట్టేవారు. ఈ ఇనప పుల్లేంటి?"

"లోతుకండి. రెండంగుళాలకి బిగిస్తే రెండంగుళాల దగ్గరే ఆగుతుంది. సన్నటి గోడయితే అవతలికి పొడుచుకుపోకుండా."

"మాది సన్నటి గోడ కాదు. ఆరంగుళాలు. దగ్గరుండి కట్టించేను."

"అయితే మరీ మంచిది. గుమ్మం ముందు దిమ్మ పెట్టించేను, కొట్టి చూడండి. రెండు చేతులతో పట్టుకోండి. ఆ... నొక్కండి. అంతలా కాదు. తిన్నగా! ఊపకండి!"

"ఏంటీ? వినపళ్ళేదు!"

"ఊపొద్దంటున్నా! ఆపండి, ఆపండి. చూసేరా? ఎనిమిది ఎమ్మెమ్ బిట్టు, కన్నం పది అయి కూర్చుంది. చెయ్యి ఊగితే కన్నం పెద్దదైపోతుంది, అందులో ప్లగ్గు వదులైపోతుంది. బిగుతుగా కూర్చుంటేనే, స్క్రూ ఎక్కేకొద్దీ ప్లగ్గు లోపల ఉబ్బి గోడని పట్టుకుంటుంది."

"నీ ప్లగ్గులు పట్టుకునుంటే నేనిక్కడెందుకుంటాను?"

"ఇంకో కన్నం వెయ్యండి. ఈసారి మోచెయ్యి ఒంటికి ఆనించుకోండి."

"నీతో ఇదే. ముక్తేశ్వరంలో నీ కొట్టుకెళ్ళేవాళ్ళని రోడ్డు మీద ఆపి మరీ చెప్పేను. ఎంత తిట్టినా ఒక్కసారీ కాదనవు. మా అత్తయితే రోజూ పొద్దున్నే నీ పేరెత్తి దుమ్మెత్తి పోస్తుంది."

"నూకాలమ్మ గారు ఎలా ఉన్నారండీ?"

"ఉంది. ఎనభై దాటింది. మొన్న కాలు జారింది. తలుపు రెక్క పట్టుకుని ఆగింది. సరిగ్గా కూతురు పడ్డచోటే."

"అయ్యో. అయితే హేండిలు ఆవిడకాండీ?"

"ఇంకెవరికి, నాకా? ఆవిడకి ఒక్కత్తే కూతురు. ఆ ఒక్కత్తీ పోయేక నా దగ్గర కాక ఎక్కడుంటుంది?"

"దానికి మిషను కొనడం ఎందుకండీ? ఒక్క హేండిలు బిగించేక దాన్నేం చేస్తారు?"

"అటకెక్కిస్తాను."

"అది కాదు. నేనే వచ్చి బిగిస్తాను. అరగంట పని. నాకేమీ ఇవ్వక్కర్లేదు."

"నా ఇంటి గోడ మీద ఇంకొకడి చెయ్యి పడదు. వీరవేణి ఉన్నప్పుడూ పళ్ళేదు. ఇప్పుడూ పడదు. ఆగు, ఫోను... ఆఁ, చెప్పత్తా. అమలాపురంలోనే ఉన్నాను... ఎవరి కొట్లో అయితే నీకెందుకు? స్నానానికి వెళ్ళకు. వెళ్ళొద్దన్నానా? నేనొచ్చి వరండాలో నీళ్ళు పెడతాను. కుర్చీలోంచి లేవకు... సరే, తిట్టు, తిట్టు. పెట్టేస్తున్నాను."

"నన్నేనాండీ?"

"నన్ను. ఊఁ, కానియ్యి. బిట్టులు ఎన్ని కావాలి?"

"ఎనిమిది ఎమ్మెమ్‌ది ఒక్కటి చాలండి. గోడకి పాత కన్నాలున్నాయి కదా, కొత్తవి వాటికి జానెడు దూరంలో వెయ్యాలి. ఎంత లావున్నాయవి?"

"ఉన్నాయి."

"ఎంతండీ?"

"బొటనవేలు దూరుతుంది."

"బొటనవేలా?"

"ఊఁ."

"నా ప్లగ్గు చిటికెనవేలు కన్నా సన్నం కదండీ."

"ఊడినప్పుడు పెద్దదయ్యుంటుంది."

"ఆయ్. అయ్యుంటుంది."

"వెటకారమా?"

"లేదండి."

"ఉలితో కొట్టేను. అయితే ఏం? మిషనున్నవాడు మూడొందలడిగేడు. ఇంట్లో ఉలీ సుత్తీ ఉన్నాయి, కొట్టేను. ఉలితో కొడితే కన్నం పెద్దదవదా? అయింది. నీ ప్లగ్గు అందులో వేస్తే గలగల్లాడింది. పనికిమాలిన సరుకు. అంత ప్లాస్టిక్ ముక్క మనిషిని మోస్తుందా? అందుకని..."

"అందుకని?"

"బిల్లు రాయి."

"అందుకని తాటిచెక్క చీలలు చెక్కి దిగ్గొట్టేరు."

"ఎవడు చెప్పేడు నీకు?"

"ఎవరైతే ఏంటండీ."

"మా తాత ఇంట్లో గోడలకి తాటిచెక్క చీలలే. కాడి, పలుపులు, తడిబట్టల దండెం, అన్నీ వాటికే. అరవై ఏళ్ళు కదల్లేదు."

"అవి మట్టిగోడలండి. పొడిగా ఉంటాయి. బాత్రూంలో చెక్క తడికి ఉబ్బుతుంది, ఆరేక ముడుచుకుంటుంది. రోజూ అదే వరస. ఏ ఆర్నెల్లకో..."

"నాలుగు. నాలుగు నెలలకే."

"ఆయ్."

"ఎవడు చెప్పేడో చెప్పు. ఆవిణ్ణి ఆస్పత్రిలో దింపి ఇంటికొచ్చి, ఆ చీలలు పొయ్యిలో పెట్టేను. మా అత్తకి కూడా తెలీదు. ఎవరూ చూళ్ళేదు."

"అక్కగారు చెప్పేరండి."

"ఎవరూ?"

"వీరవేణి గారు. పడిపోయిన వారంలోనే, ఇంకా పడకముందు, సోమవారం నాడు, ఇక్కడికొచ్చేరు. ఉండండి, ఈ సొరుగులోనే... ఇదిగో."

"ఏంటది?"

"మీరు కిటికీలో పడేసిన ప్లగ్గుల పొట్లం. అక్కగారే తెచ్చిచ్చేరు. నాలుగూ ఉన్నాయి. పైన పిన్ను కూడా మీరు తియ్యలేదు."

"ఇలాగియ్యి."

"గలగల్లాడిందన్నారు..."

"ఇలాగియ్యమన్నానా!"

"తీసుకోండి."

"ఏమంది?"

"వదిలెయ్యండి, సూరిబాబు గారూ."

"ఏమంది?"

"'హేండిలు కదులుతోంది తమ్ముడూ' అన్నారు. 'గురువారం ఆయన కొబ్బరి దింపుకి వెళ్ళిపోతారు. అప్పుడొచ్చి ఈ ప్లగ్గులేసి బిగించి వెళ్ళిపో. ఆయనకి తెలియక్కర్లేదు' అన్నారు."

"నాకు చెప్పలేదు."

"మీరే చెప్పండక్కా అన్నానండి. 'చెప్తే నాలుగు రోజులు అన్నం మానేస్తారు, చీల మాత్రం తియ్యరు' అన్నారు. నవ్వుతూనే అన్నారు."

"నాకు చెప్పలేదు. కదులుతోందని తెలిసే పట్టుకుంది. కొట్టువాడికి చెప్పింది, నాకు చెప్పలేదు."

"మంచినీళ్ళు తాగుతారా?"

"నువ్వు రాలేదు."

"రాలేదండి."

"వస్తానన్నావా?"

"అన్నానండి. గురువారం పైపుల లోడు దిగింది. వచ్చేవారం వెళ్దాంలే అనుకున్నాను. శనివారం పొద్దున్న అక్కగారు పడిపోయేరని తెలిసింది."

"ఈ పొట్లం ఒక్కసారి ఊళ్ళో చూపిస్తే నా నోరు మూతపడేది. రెండేళ్ళు ఎందుకు దాచేవు?"

"ఏ ముఖం పెట్టుకుని చూపిస్తానండీ? మీరు ప్లగ్గుల్ని తిట్టేవారు. నాకు గురువారమే వినపడేది."

"హారన్ కొడుతున్నాడు. ఆటోవాడు."

"ఆయ్. మిషను సంచిలో పెట్టమంటారా?"

"వద్దు. నీ దగ్గరే ఉండనీ. హేండిలొకటి మంచిది తియ్యి. ప్లగ్గులు కొత్తవి వద్దు, ఈ నాలుగే వెయ్యి."

"వెయ్యడమంటే... నేనాండీ?"

"ఎల్లుండి గురువారం. దింపుంది. పొద్దున్న ఏడింటి నుంచి నేను ఇంట్లో ఉండను. మా అత్త తిడుతుంది, పడు. సాయంత్రం వచ్చేక నేను హేండిలు లాగి చూస్తాను, అంతే. ఎవరు బిగించేరని అడగను. ఇంక ఈ సంగతి చచ్చేదాకా నా నోట రాదు."