మేస్త్రీకి అందని తారీఖులు

హుమాయూన్‌కి హనుమాన్ జంక్షన్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డుంది. విజయవాడ నుంచి ఏయే తారీఖుల్లో చెప్పకుండా వెళ్లి తనిఖీ చెయ్యాలో, కాలేజీలో లెక్కలు చెప్పే భార్యే నిర్ణయిస్తుంది. ఆ ఆదివారం టీ తాగుతూ ఆమెను మెచ్చుకున్నాడు.

“ఏడాదైంది. నేనెప్పుడొస్తానో మేస్త్రీకి ఇప్పటికీ అంతుచిక్కలేదు!”

“ఎలా చిక్కుతుందండీ? ఒకటి, రెండు, నాలుగు, ఐదు, పది, పదకొండు, పదమూడు, పద్నాలుగు, ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, నెలలో ఉంటే ముప్పై ఒకటి. ఏ మూడు తీసుకున్నా సమాన దూరంలో ఉండవు.”

“కిటుకేంటి?”

“తారీఖులోంచి ఒకటి తీసేసి, పదుల బదులు మూడుల లెక్కలో రాస్తాను. అందులో సున్నా, ఒకటి, రెండు, ఇవే అంకెలు. రెండు కనబడితే మీరు ఇంట్లో. కనబడకపోతే జంక్షన్‌లో.”

“అంటే నేనెప్పుడు ఊళ్లో ఉండనో...”

“నా ఒక్కదానికే తెలుసు.”

ఆవిడ ఒక కార్డు ఆయన ముందుకు జరిపింది.

“డ్రైవింగ్ లైసెన్సా? స్కూటీ జోలికెళ్లొద్దన్నానుగా!”

“అన్నారనే కదండీ, మీరు ఊళ్లో ఉన్న ఒక్కరోజు కూడా బండి ముట్టుకోలేదు.”